ఇటుక మీద నిలిచిన దేవుడు: చిలకలపూడి సంప్రదాయంలో సుఖం అనే ప్రశ్న

కృష్ణా జిల్లా బందరు (మచిలీపట్నం)ను ఆనుకొని ఉన్న చిలకలపూడిలో పాండురంగస్వామి ఆలయం 1929లో వెలసింది. నిర్మాత భక్త నరసింహం. ఈ రెండు విషయాల్లో పెద్దగా అభిప్రాయభేదం లేదు. ఆ ఏటి కార్తీక శుద్ధ ఏకాదశి నాడు, మూసి ఉన్న గర్భాలయంలో స్వామి తనంతట తానే వెలిశాడన్నది ఆలయ సంప్రదాయం చెప్పేది. స్వయంభూత్వం విశ్వాసానికి సంబంధించినది కనుక దాని నిజానిజాల జోలికి ఈ వ్యాసం పోదు. ఆలయానికి ఆధారమైన పుండరీకుని కథ మంచి బతుకంటే ఏమని చెబుతున్నది, ఆ జవాబు ఏ కథనంలో ఎలా మారుతున్నది అన్నంతవరకే ఈ పరిశీలన.

1. మొదట చూడవలసినది విగ్రహ రూపం. మహారాష్ట్రలోని పండరీపురంలో విఠలుడిగా కొలిచే పాండురంగడు రెండు చేతులూ నడుము మీద ఉంచుకొని, ఇటుకపై నిలబడి ఉంటాడు. చిలకలపూడి స్వామిది కూడా ఆ సంప్రదాయమే. దీనికి జనం చెప్పే కారణం తెలిసిందే. పుండరీకుడు తల్లిదండ్రుల పాదాలు ఒత్తుతుండగా దేవుడు గుమ్మం ముందుకు వచ్చాడు. చేతిలో పని వదలని పుండరీకుడు ఒక ఇటుకను అటు విసిరి, దాని మీద నిలబడమన్నాడు. దేవుడు నిలబడ్డాడు. భక్తుడు జీవితమంతా కోరుకునే దర్శనం వాకిట్లోకి వచ్చినా, లోపల సేవ ఆగలేదు. కథ మిగతా భాగాలు ఎంత మారినా, ఈ ఇటుక ఘట్టం మాత్రం విగ్రహంలో కళ్లెదుటే ఉంది. అందువల్ల దీనికి మిగిలిన వాటికంటే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

2. పుండరీకుని పూర్వజీవితం విషయంలో కథనాలు కలవవు. మరాఠీ జనశ్రుతిలో అతడు మొదట తల్లిదండ్రులను కష్టపెట్టినవాడు. కాశీ దారిలో కుక్కుట ముని ఆశ్రమం దగ్గర మారినవాడు. 1957లో వచ్చిన ‘పాండురంగ మహత్యం’ చిత్రం ఇంచుమించు ఈ దారిలోనే నడిచింది. అందులో పుండరీకుడుగా నటించిన ఎన్.టి.రామారావుది ఈ జిల్లాలోని నిమ్మకూరే కావడం వల్లనో ఏమో, ఇటువైపు చాలామందికి కథ అంటే ఆ సినిమా కథే.

తెనాలి రామకృష్ణుని ‘పాండురంగ మాహాత్మ్యం’ కావ్యంలో మాత్రం దారితప్పిన కొడుకు పాత్ర నిగమశర్మది. బుద్ధి చెప్పడానికి పుట్టింటికి వచ్చిన అక్క నగలను కూడా రాత్రికి రాత్రే మూటగట్టుకొని పోయినవాడు అతడు. చివరికి అతనికి సద్గతి కలిగింది. అయితే అది తల్లిదండ్రుల సేవ వల్ల వచ్చినది కాదు, క్షేత్ర మహిమ వల్ల వచ్చినది. ఈ తేడా చిన్నది కాదు. చిత్రంలో మనిషి తిరిగి వచ్చి చేసిన చెడుకు బదులు చెల్లిస్తాడు. కావ్యంలోని నిగమశర్మ తిరిగి ఇంటి ముఖం చూడడు. ఆ అక్కకు జరిగిన అన్యాయం అలాగే ఉండిపోతుంది. మంచి బతుకుకు ప్రమాణంగా తీసుకోవాలంటే, మొదటిదే సబబుగా తోస్తుంది.

3. ఎదుటి మనిషి సేవే ముందన్న ఈ జవాబు దైవభక్తి మీదే ఆధారపడినదా? ఇదే జిల్లాలో దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. బందరు హిందూ కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేసిన గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) దేవుణ్ణి నమ్మలేదు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పి, సహపంక్తి భోజనాలకు, అస్పృశ్యతా నివారణకు, వయోజన విద్యకు కుటుంబంతో సహా అంకితమయ్యారు. నరసింహం, గోరాల నమ్మకాలు ఎక్కడా కలవవు. అయినా ఎదుటి మనిషికి చేయవలసిన పనిని ముందు పెట్టడంలో పుండరీకుని కథకూ గోరా ఆచరణకూ పోలిక కనిపిస్తుంది. ఒకరి ప్రభావం మరొకరి మీద ఉందనడానికి ఇది చాలదు.

4. ఒక అభ్యంతరాన్ని ఇక్కడ గుర్తించాలి. సేవ చేసినవారు సుఖపడ్డారా? పైన చూసిన పుండరీక కథనాల్లో పాదాలు ఒత్తడం హాయిగా ఉన్నదన్న దానిపై బరువు పడదు. చేతిలో పని విడవకపోవడంపైనే పడుతుంది. కనుక ఈ కథను సుఖానికి నిర్వచనంగా చూపడం అతిశయోక్తి అవుతుంది. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమాన్ని అది చూపుతుందనడం వరకే సమంజసం.

ఆ క్రమానికి పెద్ద పరీక్ష 1977 నవంబర్ 19న వచ్చింది. ఈ జిల్లా తీరంలోని దివిసీమను ముంచెత్తిన ఆనాటి ఉప్పెనలో మృతులు కనీసం 10 వేలని ఒక లెక్క. అంతకంటే ఎక్కువేనని ఇతర అంచనాలు. తరువాత శవాలను తీసినవారిలో, ఇళ్లు నిలబెట్టినవారిలో భజన చేసేవారూ ఉన్నారు, గోరా అనుయాయులూ ఉన్నారు. నాడు యువకులుగా ఆ పనిలో దిగినవారికి ఇప్పుడు డెబ్భై ఏళ్లు అటూఇటూగా ఉంటాయి. ఆ రోజులు తమ బతుకును ఎలా మార్చాయో వారినే అడిగి, పేరు, ఊరు, తేదీలతో రాసి పెట్టవలసి ఉంది. బందరు, అవనిగడ్డ, గుడివాడ కళాశాలల చరిత్ర అధ్యాపకులు ఈ పనిని ఈ ఏడే మొదలుపెట్టాలని మనవి.