ఏపు అనగా ఏమి?

పైరు ఏపుగా ఉన్నదని రైతు అనును. దూడ సత్తువగా ఉన్నదని గొల్లవాడు అనును. ఆ మాటల అర్థమును వారికి ఎవరును నేర్పలేదు. కాని ఆ ఏపు ఎక్కడినుండి వచ్చును? మన్నునుండియా, నీటినుండియా, విత్తునుండియా? ఈ ప్రశ్నను కొలబద్ద చేతబట్టి విచారించినవారిలో ముఖ్యుడు చార్లెస్ డార్విన్.

ఇంగ్లండులోని డౌన్ గ్రామమున, తన ఇంటిలోనే, ఆయన 11 ఏండ్లు ఈ పరీక్షలు సాగించినాడు. మన కాశీరత్నమునకు చుట్టమైన ఒక తీగను తీసికొని, పురుగులు వాలకుండ వల కప్పి, కొన్ని పువ్వులకు వాటి పుప్పొడినే, కొన్నింటికి వేరొక మొక్క పుప్పొడిని అద్దినాడు. రెండు విధముల విత్తనముల మొలకలను ఒకే కుండీలో ఎదురెదురుగా పెంచినాడు. మన్ను ఒకటే, నీరు ఒకటే. పది తరముల సగటు చూడగా, పరపరాగమున పుట్టినవి 100 పాళ్లు ఎదిగినచోట స్వపరాగమున పుట్టినవి 77 పాళ్లే ఎదిగినవి. 1876లో ఈ ఫలితములు గ్రంథముగా వెలువడినవి. ఒకే మొక్కలోని రెండు పువ్వులను కలిపినంత మాత్రమున మేలు లేదనియు, తల్లిదండ్రుల నడుమ కొంత భేదము ఉండవలెననియు ఆయన గ్రహించినాడు.

ఈ లెక్కల వెనుక ఒక తండ్రి ఆవేదన కూడ ఉన్నది. 1839లో డార్విన్ వివాహమాడిన ఎమ్మా ఆయన మేనమామ కుమార్తె. మన వాడుకలో అది మేనరికము. వారి పదిమంది బిడ్డలలో ముగ్గురు బాల్యముననే మరణించిరి. దగ్గరి సంబంధమే కారణమా అను శంక ఆయనను విడువలేదు. 1871 జనాభా లెక్కలలో ఇట్టి వివాహములను గూర్చి అడుగవలెనని కోరినాడు, పార్లమెంటు అంగీకరింపలేదు. 1875లో కుమారుడు జార్జి ఈ విషయమును విచారించి, కీడు ఉన్నను స్వల్పమని తేల్చినాడు. మేనరికమున కొన్ని వంశపారంపర్య వ్యాధుల ముప్పు పెరుగునని నేటి వైద్యులు చెప్పుదురు. అట్లని ప్రతి బిడ్డకును కీడు తప్పదని కాదు.

1908లో అమెరికాలో జార్జి షల్ మొక్కజొన్నను తరతరములుగా స్వపరాగమున పెంచి చూచినాడు. కంకులు చిక్కిపోయినవి. అట్టి రెండు బక్క వంశములను కలుపగా మొదటి తరముననే ఏపు తిరిగి వచ్చినది. దీనికే ఆయన 1914లో హెటెరోసిస్ అను పేరు పెట్టినాడు. ఒక వంశపు లోపమును రెండవది కప్పివేయుట దీనికి ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

మన దేశమున తొలి సంకర జొన్న, సి.ఎస్.హెచ్.-1, 1964లో విడుదలయినది. దిగుబడి హెచ్చినది. కాని తాతలనాటి అలవాటు చొప్పున ఆ గింజలనే గాదెలో దాచి మరుసటి ఏట విత్తినచో, పైరు ఎగుడుదిగుడుగా వచ్చును, ఏపు తగ్గును. ఏటేట కొత్త విత్తనము కొనక తప్పదు. కలయిక వలన వచ్చిన ఏపును గాదెలో దాచలేము. అందువలననే పాత నాటు వంగడములను పోగొట్టుకొనరాదు. రేపటి కలయికకు కావలసిన భేదము వాటియందే ఉన్నది.