సాఫ్ట్‌వేర్ బదిలీ (కంప్యూటర్)

పాత కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములను కొత్తదానిలోకి మార్చుకోవడం. ఫోటోలు, ఉత్తరాల్లా వీటిని కాపీ చేస్తే చాలదు. విండోస్‌లో ప్రోగ్రామ్ ఒక్క ఫోల్డర్‌లో ఒదిగి ఉండదు: సెట్టింగులు రిజిస్ట్రీలో, ఉమ్మడి డీఎల్ఎల్ ఫైళ్లు సిస్టమ్ ఫోల్డర్లలో, వాడుకరి ఎంపికలు యాప్‌డేటా ఫోల్డర్‌లో చెదిరి ఉంటాయి. ఫోల్డర్ ఒక్కటే తీసుకెళ్తే చాలా ప్రోగ్రాములు తెరుచుకోవు. విండోస్ విస్టాతో వచ్చిన బదిలీ సాధనం విండోస్ ఈజీ ట్రాన్స్‌ఫర్ కూడా ఫైళ్లను, సెట్టింగులనే మోసింది, ప్రోగ్రాములను మోయలేదు. 2015లో వచ్చిన విండోస్ 10లో అదీ లేదు. ల్యాప్‌లింక్ సంస్థ తయారుచేసిన పీసీమూవర్ అనే సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రోగ్రాములను కూడా తరలిస్తుంది. మ్యాక్‌లో ఈ పని మైగ్రేషన్ అసిస్టెంట్‌ది.

ఇన్‌స్టాలర్‌తో కొత్తగా ఎక్కించుకోవడమే నికరమైన దారి. అంతకుముందే లైసెన్స్ కీలు రాసిపెట్టుకోవాలి. యంత్రాల సంఖ్యపై పరిమితి ఉన్నవాటిని పాతదానిలో డీయాక్టివేట్ చేయాలి. కంప్యూటర్‌తోపాటే వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్స్ సాధారణంగా ఆ యంత్రానికే పరిమితం.

తెలుగు డీటీపీ వారికి అసలు చిక్కు ఫాంట్లతో. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కూర్చిన పుస్తకాన్ని ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఏళ్ల శ్రమ అందులో ఉంటుంది కనుక, ఫాంట్లు కొత్తదానిలో పనిచేస్తున్నాయని చూసుకునేదాకా పాత హార్డ్‌డిస్క్‌ను చెరపకూడదు.