మరలిపోయినవారి మాట

1978 జూలై 25వ తేదీ రాత్రి ఇంగ్లండులోని ఓల్డ్‌హాం పట్టణమున లూయీ బ్రౌన్ అను ఆడశిశువు జన్మించెను. తల్లిగర్భమునకు వెలుపల ఫలదీకరణము పొందిన అండమునుండి ప్రపంచమున పుట్టిన మొదటి శిశువు ఆమెయే. వైద్యుడు పాట్రిక్ స్టెప్టో, శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఎడ్వర్డ్స్ లోకప్రసిద్ధులైరి. వారితో పదేండ్లు శ్రమించిన నర్సు జీన్ పర్డీ పేరు మాత్రము చాల ఆలస్యముగా చరిత్ర కెక్కినది.

శ్రోతలకు ఈ కథ తెలిసినదే. నేను చెప్పబోవునది వేరొకటి. 1969 మొదలు 1978 వరకు ఆ ప్రయోగచికిత్సకై వచ్చిన స్త్రీలు 282 మంది. ఆ చికిత్సవలన బిడ్డను ఒడిలో పెట్టుకొన్నవారు ఇద్దరే. తక్కిన 280 మంది వట్టి చేతులతో ఇంటికి మరలిరి. వారి కన్నీరు తుడిచినవా రెవరు?

కెర్షాస్ అను చిన్న ఆసుపత్రిలో వారు బస చేసిరి. అండము పక్వమగు గడియ తెలియుటకై రాత్రింబవళ్లు మూడేసి గంటల కొకమారు మూత్రమును పట్టి ఇయ్యవలసి యుండెను. ఆ గడియ అర్ధరాత్రి వచ్చినను ఆపరేషను అప్పుడే. మనసు విప్పి మాటాడుటకు ప్రక్క మంచముపై నున్న మరియొక స్త్రీయే దిక్కు. లూయీ తల్లి లెస్లీ, తనకు ముందే ఇట్టి శిశువులు వందలకొలది పుట్టి యుందురని తలచినదట! ఆ సంగతి తరువాత ఆమెయే చెప్పుకొన్నది.

అంతకు పూర్వపు స్థితి ఇంకను కఠినము. 1940, 1950 దశకములలో అమెరికాలోని మనోవిశ్లేషకులు పలువురు, కారణము తెలియని సంతానలేమికి స్త్రీ మనస్సే మూలమనిరి. ఆమె తన అంతరంగమున తల్లి కానొల్లదట! మన యూళ్లలో పేరంటమునకు పిలువక నొప్పించుట ఒక తీరు. శాస్త్రము పేర నొప్పించుట మరియొక తీరు.

ఈ వాదమును తలక్రిందులు చేసినవారిలో ముఖ్యురాలు బార్బరా ఎక్ మెన్నింగ్. ఆమె నర్సు, తానును ఆ బాధ నెరిగినది. 1973లో మసాచుసెట్స్ రాష్ట్రమున 'రిసాల్వ్' అను సంఘమును నెలకొల్పెను. మనోవేదన సంతానలేమికి కారణము కాదు, దాని ఫలితమని ఆమె మాట. పోయినవారికై ఏడ్చుటకు లోకము తావిచ్చును. పుట్టని బిడ్డకై ఏడ్చుటకు ఏ కర్మకాండయు లేదు, పరామర్శకు వచ్చువారును లేరు. నమ్మలేకపోవుట, కోపము, ఒంటరితనము, అపరాధభావము, శోకము, ఇన్ని మెట్లు దాటినగాని మనస్సు కుదుటపడదని ఆమె వివరించెను.

చట్టములు పిమ్మట వచ్చినవి. 1984లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము చికిత్సకు ముందు కౌన్సెలింగును తప్పనిసరి చేసెను. అదే సంవత్సరము బ్రిటనులో వార్నాక్ సంఘము దానిని సిఫారసు చేయగా, 1990 నాటి చట్టము అందుకు అవకాశము కల్పించి తీరవలెనని విధించెను. స్వీకరించుట దంపతుల యిష్టము. నాకు ఈ రెండవ పద్ధతియే మేలనిపించును. బలవంతముగా కూర్చుండబెట్టినచో, ఎదుటివారు తమ యోగ్యతను తూచు న్యాయాధికారులని తలచి దంపతులు మనసులోని మాట దాచుకొందురు.

మన దేశమున 1978 అక్టోబరు 3వ తేదీన, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన ఇట్టి శిశువే జన్మించెను. లోకనిందకు వెరచి తల్లిదండ్రులు బయటపడలేదు. ప్రభుత్వము నియమించిన సంఘము వైద్యుని మాట నమ్మలేదు. 1981 జూన్ 19వ తేదీన ఆయన ఆత్మహత్య చేసికొనెను. వైద్యునికే ఊరట కరవైన కాలమది! చికిత్స పర్యవసానములను, ఫలించు అవకాశమెంతయో దంపతులకు నిపుణులచే తెలియజెప్పింపవలెనని మన చట్టము ఆదేశించినది 2021లో.

కౌన్సెలరు చేయునది ఉపదేశము కాదు. పిండమును గర్భమున ప్రవేశపెట్టిన పిమ్మట ఫలితము తెలియుటకు సుమారు రెండు వారములు పట్టును. ఆ దినములలో అత్తగారికి ఎంతవరకు చెప్పవలెను? ఫలింపనిచో ఆ సాయంకాలము భర్త తన దుఃఖమును ఎవరితో చెప్పుకొనును? ఇట్టి చిన్న ప్రశ్నలే అచ్చట పెద్దవి. ఇంకొకమారు ప్రయత్నింతమా, చాలింతమా అన్నది అన్నిటికంటె కఠినము. దానికి బదులు దంపతులే చెప్పవలెను. అంతవరకు కౌన్సెలరు వేచి యుండవలెను.