అశ్విని నాచప్ప: ట్రాక్ దిగాక పట్టుకున్న పని

కర్ణాటకలోని కొడగుకు చెందిన మాజీ స్ప్రింటర్, 1988 అర్జున అవార్డు గ్రహీత. పి.టి. ఉషను ఓడించిన అమ్మాయిగా దేశమంతా తెలుసు. మన ఇళ్లలో మాత్రం మౌళి తీసిన ‘అశ్విని’ (1991) సినిమాలో తన పాత్ర తానే వేసిన నాయికగానే గుర్తు.

అసలు పని ఆ తర్వాతిది. గోణికొప్పలో కుటుంబంతో కలిసి కరుంబయ్యాస్ అకాడమీ ఫర్ లెర్నింగ్ అండ్ స్పోర్ట్స్ స్థాపించారు. అక్కడ ఆట కూడా చదువులో భాగమే. ‘క్లీన్ స్పోర్ట్స్ ఇండియా’ తరఫున క్రీడా సంఘాల్లో ఏళ్ల తరబడి పాతుకుపోయిన నాయకులను నిలదీశారు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అంటే స్పాన్సర్లు, టికెట్లే అనుకుంటాం గానీ, జట్టు ఎంపిక ఎవరి చేతిలో ఉంది, డబ్బు లెక్క ఎవరు చూపాలి అన్నవే పెద్ద ప్రశ్నలు. సంఘాలను ఆడినవాళ్లే నడపాలన్నది ఆమె వాదన.

2022 డిసెంబరులో భారత ఒలింపిక్ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది ఆ పాత ప్రత్యర్థి ఉషే.