పచ్చ చార కింద అసలు బండి ఏది?

“అమ్మకానికి: 1963 ఫోర్డ్ లోటస్ కార్టినా. తెలుపు మీద పచ్చ చార. అల్యూమినియం తలుపులు, వెనక ఏ-బ్రాకెట్ సస్పెన్షన్. ర్యాలీల్లో ఆరితేరిన బండి. అంతా ఒరిజినల్.”

ఇంగ్లండులో పాతకార్ల ప్రకటనలు ఈ ధోరణిలోనే ఉంటాయి. ఇది ఏ ఒక్క బండి ప్రకటనా కాదు. ఈ మోడల్ కొనబోయేవాళ్లను ఏళ్ల తరబడి తికమక పెడుతున్న చిక్కులన్నీ ఒక్కచోట పడేలా నేనే కూర్చాను. బండి ఊహే అయినా ఆధారాలు ఊహ కాదు. ప్రకటనలోని ఒక్కో మాటనూ రేకు మీద సరిచూసుకుంటూ వెళ్దాం.

ముందు ఇంత అనుమానం ఎందుకో చెప్పాలి. 1962లో వచ్చిన మొదటి తరం కార్టినా పది లక్షలకు పైగా తయారైన సంసారపక్షం కారు. లోటస్ రకం మాత్రం దాదాపు మూడు వేలే. ఫోర్డ్‌లో ప్రచార వ్యవహారాలు చూసే వాల్టర్ హేస్‌కు పోటీల్లో గెలిచే సెలూన్ కావాలి. గ్రూప్ 2 పోటీలకు అర్హత రావాలంటే వెయ్యి బండ్లు కట్టి చూపించాలి. ఆ పని లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్‌కు అప్పజెప్పాడు. రెండు తలుపుల మామూలు బాడీలు ఫోర్డ్ నుంచి చెషంట్‌లోని లోటస్ ఫ్యాక్టరీకి వెళ్లేవి. అక్కడ వాటిలో ఫోర్డ్ బ్లాకు మీద హ్యారీ మండీ రూపొందించిన ట్విన్ క్యామ్ హెడ్ ఉన్న ఇంజిన్ కూర్చునేది: 1,558 సీసీ, 105 హార్స్‌పవర్. 1964లో జిమ్ క్లార్క్ ఈ బండితోనే బ్రిటిష్ సెలూన్ కార్ చాంపియన్ అయ్యాడు. మలుపులో లోపలివైపు ముందు చక్రం గాల్లోకి లేచిన ఆ ఫోటోలు చూసినవాళ్లు నేటికీ ఈ కారు కోసం పర్సు విప్పుతారు. మామూలు కార్టినాకూ దీనికీ ధరలో ఎంత తేడా ఉందో, దొంగ బండికి అంత ఆశ ఉంది.

మొదటి ఆధారం రంగు. ఎర్మైన్ వైట్ మీద షెర్వుడ్ గ్రీన్ చార, వెనక రెక్కల మీద లోటస్ బ్యాడ్జీలు, ముందు రెండు మూలలకే పరిమితమైన కురచ బంపర్లు. చూడగానే గుర్తుపట్టేది వీటినే, నమ్మడానికి ఏమాత్రం పనికిరానివీ ఇవే. రంగు డబ్బా, బ్యాడ్జీలు, బంపర్లు ఎవరికైనా దొరుకుతాయి. ఇక్కడ మార్కులు సున్నా.

రెండోది ఇంజిన్. బానెట్ ఎత్తితే రెండు వెబర్ కార్బొరేటర్లు, హెడ్ కవర్ మీద లోటస్ పేరు. గుండె ఝల్లుమంటుంది గానీ, ఇదే ఇంజిన్ లోటస్ ఎలాన్‌లోనూ ఉంది, 1968లో వచ్చిన ఎస్కార్ట్ ట్విన్ క్యామ్‌లోనూ ఉంది. దించి ఎక్కించడానికి పుట్టిన వస్తువది. పోటీ బండి ఇంజిన్ అయితే ఎన్నిసార్లు మారి ఉంటుందో చెప్పలేం. అసలు ఇంజిన్ ఉంటే సంతోషమే, లేకపోతే దోషం కాదు.

మూడోది నంబరు. మన దగ్గర బండి చేతులు మారేటప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, ఆ అచ్చును ఆర్సీతో పోల్చి చూసే అలవాటుంది. ఇక్కడా మొదలు అక్కడే. కుడివైపు స్టీరింగ్ ఉన్న లోటస్ కార్టినా ఛాసిస్ నంబరు మొదట్లోని అక్షరాల పక్కన 74 అనే అంకె ఉండాలి. మన బండి ప్లేటు మీద 74 ఉంది, సంవత్సరం కూడా 1963కు సరిపోయింది. కానీ ప్లేటును పట్టి ఉంచినవి నాలుగు రివెట్లే. అందుకే రేకు దగ్గరికి పోవాలి.

నాలుగోది తలుపులు. బరువు తగ్గించడానికి మొదటి బండ్లకు తలుపులు, బానెట్, డిక్కీ మూతల పైరేకులు అల్యూమినియంతో వేశారు. అయస్కాంతం పెడితే జారిపోవాలి, మన బండి తలుపు మీద జారిపోతోంది. అయితే 1964 నడిమికి ఉక్కు రేకులే మామూలయ్యాయి, అల్యూమినియం అడిగినవాళ్లకే. పైగా అప్పట్లో సొట్టపడ్డ అల్యూమినియం తలుపు పీకి, పక్క షెడ్డులో చవకగా దొరికిన ఉక్కు తలుపు బిగించినవాళ్లు బోలెడు. కాబట్టి ఉక్కు తలుపు ఉందని బండి అబద్ధం కాదు, అల్యూమినియం ఉందని నిజమూ కాదు. తలుపులు కూడా కొక్కేల మీద వేలాడే వస్తువులే.

ఇప్పుడు డిక్కీ తెరుద్దాం. బిగించినవి కాకుండా బాడీలో భాగమైనవి కనబడేది ఇక్కడే. చాప్‌మన్ పెట్టిన వెనక సస్పెన్షన్ బాడీని వేరే చోట్ల లాగుతుంది కాబట్టి, డిక్కీలో అదనపు ఉక్కు గొట్టాలు అతికి బలం చేకూర్చారు. వాటికోసం స్టెప్నీ చోటు మారింది. బరువు వెనక్కి తేవడానికి బ్యాటరీ కూడా ఇంజిన్ గదిలోంచి డిక్కీలోకి వచ్చింది. మన బండిలో గొట్టాలున్నాయి, వెల్డింగు పాతది, దాని మీది రంగు పొరలు పక్క రేకు మీది పొరలతో కలిసిపోయి ఉన్నాయి. ఇది గట్టి సాక్ష్యం. ఈ బాడీ చెషంట్‌కు వెళ్లొచ్చినట్టే ఉంది.

ఐదోది బండి కింద, పడుకుని చూడాల్సింది. మామూలు కార్టినా వెనక ఇరుసును కమాన్ పట్టీలు మోస్తాయి. చాప్‌మన్ వాటిని తీసేసి కాయిల్ స్ప్రింగులు వేశాడు. ఇరుసు పక్కలకు జరక్కుండా ‘ఏ’ ఆకారపు చట్రం, అంటే ఏ-బ్రాకెట్, బిగించాడు. దాని రెండు కాళ్లు బాడీకి, కొస డిఫరెన్షియల్ హౌసింగ్ అడుగుకు. మలుపులో ఇరుసును తోసే బలమంతా ఆ కొస మీదే పడుతుంది. హౌసింగ్ అల్యూమినియం, దాని బోల్టులు వదులవుతాయి. ఆయిల్ కారుతుంది. కారిన ఆయిల్ కింద ఉన్న రబ్బరు బుష్‌ను నానబెడుతుంది. బుష్ మెత్తబడితే ఇరుసు ఇంకా ఊగుతుంది, ఊగితే బోల్టులు ఇంకా వదులవుతాయి. నున్నటి రేసు ట్రాక్ మీద, ప్రతి రేసుకూ విప్పి బిగించే మెకానిక్కులుంటే సరే. రాళ్లదారుల్లో రోజుల తరబడి పరుగెత్తే ర్యాలీకి ఇది పనికిరాదు. 1965 నడిమిలో దీన్ని వదిలేసి మళ్లీ కమాన్ పట్టీలకే వచ్చారు. లోటస్ కార్టినా ర్యాలీల్లో నిలదొక్కుకున్నది ఆ తర్వాతే. 1966లో బెంగ్ట్ సోడర్‌స్ట్రోమ్, గున్నర్ పామ్ జంట బ్రిటన్ ఆర్.ఏ.సి. ర్యాలీ గెలిచింది ఈ కారుతోనే.

అంటే మన ప్రకటనలో రెండు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి: ‘ఏ-బ్రాకెట్’, ‘ర్యాలీల్లో ఆరితేరిన’. అంత ర్యాలీలాడిన బండికి ఆ బ్రాకెట్ ఇన్నాళ్లు మిగలడం అరుదు. చట్రం చుట్టూ చేతితో తడిమితే దశాబ్దాల జిడ్డు తగలాలి. తగిలింది కొత్త నల్లరంగు. ఎవరో ఎప్పుడో తీసేసిన బ్రాకెట్‌ను ఈమధ్య ఎవరో మళ్లీ బిగించారన్నమాట. ఇది నేరం కాదు. ‘అంతా ఒరిజినల్’ అన్నమాట మాత్రం ఇక్కడ నిలవదు.

చిక్కు విడిపోయే ముడి ఆరోది. వెనక అద్దానికి పక్కనున్న పిల్లర్ మీద, రంగు కింద సన్నటి గీత లాంటి ఉబ్బు కనబడుతోంది. లోపలి కవరు తీసి టార్చి వేస్తే గాలి పోవడానికి కోసిన కంత, దాన్ని మూస్తూ అతికిన రేకు. 1964 శరత్కాలంలో ఫోర్డ్ కార్టినాకు ‘ఏరోఫ్లో’ పేరుతో కొత్త గాలి ఏర్పాటు తెచ్చింది. డ్యాష్‌బోర్డు నుంచి వచ్చే గాలి వెనక పిల్లర్లలోని కంతల్లోంచి బయటికి పోతుంది. 1963 బాడీకి ఆ కంతలు ఉండే అవకాశమే లేదు. గ్రిల్ మార్చొచ్చు, డ్యాష్‌బోర్డు మార్చొచ్చు. పిల్లర్‌లో ప్రెస్సు కొట్టిన కంతను పూడ్చొచ్చు గానీ పుట్టకుండా చేయలేరు.

ఇప్పుడు ముక్కలు కలుపుదాం. నంబరు 1963ది. బాడీ 1964 శరత్తు తర్వాతది. డిక్కీ గొట్టాలను బట్టి ఆ బాడీ మామూలు కార్టినాది కాదు, ఏ-బ్రాకెట్‌తో వచ్చిన లోటస్‌దే. అంటే 1964 చివరికీ 1965 నడిమికీ మధ్య కట్టింది. కాబట్టి దారులు రెండే. 1963 బండి ఏదో పోటీలో నుజ్జయితే, అప్పటివాళ్లు కొత్త లోటస్ బాడీలోకి దాని అవయవాలు మార్చి అదే నంబరుతో నడిపి ఉండాలి. పోటీ జట్లకు ఇది రోజువారీ పని, సిగ్గుపడాల్సిందేమీ లేదు. లేదా చాలా ఏళ్ల తర్వాత ఎవరో ఒక బండి కాగితాలనూ మరో బండి ఒంటినీ పెళ్లి చేశారు. రేకు చెప్పగలిగింది ఇంతవరకే.

మిగిలింది కాగితాలే. అవీ గుడ్డిగా నమ్మదగ్గవి కావు. 1966 సాన్‌రెమో ర్యాలీలో విక్ ఎల్ఫర్డ్ నడిపిన లోటస్ కార్టినా అందరికంటే ముందు నిలిచింది. గేర్‌బాక్స్ వివరం పోటీ అర్హత కోసం దాఖలు చేసిన హోమోలోగేషన్ పత్రంతో సరిపోలలేదని గెలుపు రద్దు చేశారు. పత్రంలో దొర్లిన తప్పుకు శిక్ష బండికి పడింది. అందుకే కాగితాన్ని రేకుతో, రేకును కాగితంతో చూడాలి. పాత యజమానుల రిజిస్ట్రేషన్ వివరాలు, షెడ్డు బిల్లులు, తేదీ తెలిసిన ర్యాలీ ఫోటోలు కావాలి. 1965 ఫోటోలో ఇదే నంబరు ప్లేటుతో, పిల్లర్ మీద కంతలతో బండి కనబడితే మొదటి దారి రుజువైనట్టే. అప్పుడు ఆ కంత మచ్చ కాదు, ఆ బండి ర్యాలీ బతుకుకు అదే దాఖలా. దాన్ని పూడ్చి 1963 వేషం వేయడమే అసలు పొరపాటు.

పోటీ కోసం కట్టిన బండిలో మారని భాగం వెతకడం దండగ. మారినదాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చెప్పగలిగితే ఆ బండి నిజాయితీగలదే. చెప్పకుండా దాచితే ప్రతి భాగం అసలుదైనా మొత్తం అబద్ధమే.

అందుకే కొనేవాడు బేరానికి ముందు ఒక్క ప్రశ్న అడగాలి: 1963 నాటి పాత బాడీ ఏమైంది? తుక్కుకు వేశారనడానికి ఆధారం ఉంటే, ఈ నంబరుకు వారసుడు ఈ బండి ఒక్కటే. ఏదో షెడ్డులో తుప్పు పట్టి పడుంటే, రేపు దాన్ని కొన్నవాడు కూడా అదే నంబరుతో తెల్లరంగు వేయిస్తాడు. ఒకే నంబరుకు రెండు బండ్లు తేలినప్పుడు కోర్టు మెట్లెక్కేది అమ్మినవాడు కాదు, కొన్నవాళ్లిద్దరూ.