గటుక నుండి అన్నానికి, మరల గటుకకు

మధువు, మేహం అని విడదీసి 'మధుమేహం' అన్న మాటకు తరగతి గదిలో ఎన్నోసార్లు అర్థం చెప్పాను. పదవీ విరమణ తరువాత ఆ మాట నా రక్తపరీక్ష కాగితం మీదికే వచ్చింది. "అన్నం తగ్గించి జొన్నలు తినండి సార్" అన్నారు వైద్యులు. నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గు వేసింది.

మా చౌటుప్పల్ ప్రాంతపు చల్క నేలలు వానను నమ్ముకున్నవి. జొన్న, సజ్జ, ఆముదం మా పంటలు. నా బాల్యంలో జొన్న గటుక, తైదంబలి నిత్యభోజనం; వరియన్నం పండుగనాటి ముచ్చట. కొలువు వచ్చిన కొత్తలో తోటి ఉపాధ్యాయుడు ఇంటికి వస్తే, "అమ్మా, ఈ పూట గటుక వద్దు" అన్నాను. అమ్మ బదులు పలుకక బియ్యం కడిగింది.

ఆ సిగ్గు నా ఒక్కడిది కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక జిల్లా దక్షిణ భాగం వరి పొలమైంది. కాలువ అందని మా వైపు బోర్లు వచ్చాయి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఆకలిగొన్న ఇండ్లకు అది వరమే, దానిని నిందించను. అయితే గటుక కుండ మాత్రం అటకెక్కింది.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో ఒక విచిత్రమున్నది. ప్రమేహం గల ధనవంతుడు శ్యామాకం, నీవారం వంటి అడవి ధాన్యాలతో జీవించాలట. పేదవాడు చెప్పులు, గొడుగు లేకుండా నూరు యోజనాలు నడవాలట. అంటే పేదల తిండి ధనికునికి మందు; నడక అందరికీ మందు!

ఆధునిక వైద్యం కూడా ఆహారం నుండే మొదలైంది. 1922 జనవరిలో టొరంటోలో పదునాలుగేండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా, రోగులను దాదాపు పస్తులుంచడమే ప్రధాన చికిత్స. 1981లో అదే నగరంలో డేవిడ్ జెంకిన్స్ బృందం, ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో కొలిచే గ్లైసీమిక్ సూచికను ప్రతిపాదించింది.

అలాగని జొన్నను దేవత చేయరాదు. నేడు జాతీయ పోషకాహార సంస్థగా పిలువబడే హైదరాబాదు పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు 1960లో, జొన్ననే నమ్ముకున్నవారికి వచ్చే పెల్లాగ్రా వ్యాధికి అందులోని లూసిన్‌తో సంబంధమున్నదని చెప్పారు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడు లేని గటుక పూర్ణాహారం కాదు. జొన్న కూడా పిండిపదార్థమే. నాలుగు రొట్టెలు తింటే చక్కెర పెరుగక మానదు. ఆ సంస్థ 2024 సూచనలలో మొత్తం శక్తిలో ధాన్యాల వాటా నూటికి 45 పాళ్ళు మించరాదన్నది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహమున్నదని అంచనా వేసింది. మా పెద్దలను గటుక ఒక్కటే కాపాడలేదు. కూలికి, చేనుకు వారు నడిచిన దూరం కూడా కాపాడింది. ఆ నడక వదలి గటుకను మాత్రమే తిరిగి తెచ్చుకుంటే ఫలం సగమే. మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా తిండి మార్చరాదు.

ఇప్పుడు ఉదయం చెరువుకట్ట దాకా నడిచి వచ్చి, ఒక గిన్నెడు గటుక పప్పుతో తింటున్నాను. ఇంటికి ఎవరు వచ్చినా దాచడం లేదు. చూడడానికి అమ్మ లేదు.