మెదడు–యంత్ర అనుసంధానం: జంతుప్రయోగం నుంచి మానవ సమ్మతి దాకా – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మెదడులోని విద్యుత్ సంకేతాలను చదివే, మార్చే సాంకేతికత ఇటీవలి ఆవిష్కారంగా కనిపించినా దానికి నూట యాభై ఏళ్ళకు మించిన చరిత్ర ఉంది. అందులో ముఖ్యమైన ముందడుగులు చాలావరకు మొదట జంతువుల మెదళ్ళపైనే పడ్డాయి. 1870 నాటి శునకప్రయోగాల నుంచి 2024లో మనిషి మెదడులో అమర్చిన పరికరం వరకు ప్రధాన ఘట్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సమ్మతి అనే ప్రశ్న జంతువు నుంచి మనిషికి ఎలా చేరిందో వివరిస్తుంది. భవిష్యత్ సాంకేతికతను అంచనా వేయడానికి పరికరం శక్తి కన్నా దాని నియంత్రణ ఎవరి చేతిలో ఉందన్నదే సరైన కొలమానమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మెదడు, నాడీ సాంకేతికత, జంతుప్రయోగాలు, సమ్మతి, మానసిక గోప్యత, చట్టం.

1. ఉపోద్ఘాతం

2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తన పరికరాన్ని తొలిసారిగా ఒక మనిషి మెదడులో అమర్చింది. వెన్నుపాము దెబ్బతిని భుజాల కింది శరీరం చచ్చుబడిన ఆ వ్యక్తి కొన్ని వారాల్లోనే కేవలం తలంపుతో కంప్యూటర్ తెరపై చదరంగం ఆడాడు. అంతకు ముందు, 2021 ఏప్రిల్‌లో, అదే సంస్థ విడుదల చేసిన దృశ్యంలో పేజర్ అనే కోతి చేతులు ఉపయోగించకుండానే తెరపై బంతి ఆట ఆడింది. చూసేవారికి రెండు దృశ్యాలూ ఒకేలా కనిపిస్తాయి. కాని తానెందుకు ఆ శస్త్రచికిత్సకు ఒప్పుకున్నాడో మనిషి చెప్పగలిగాడు. కోతి ఒప్పుకోవడమనే ప్రసక్తే లేదు.

ఈ భేదం పైకి కనిపించినంత స్థిరమైనది కాదు. మెదడు సాంకేతికత చరిత్రను పరిశీలిస్తే మూడు అంశాలు పదేపదే ఎదురవుతాయి. కాదనలేని ప్రాణి దేహం నుంచి జ్ఞానం లభించడం మొదటిది. ప్రదర్శన తన ఆధారాలను మించిన మాట చెప్పడం రెండవది. వివాదం తలెత్తిన తర్వాతగాని చట్టం కదలకపోవడం మూడవది. భవిష్యత్తును గురించిన చర్చ ఈ గతాన్ని విస్మరించి సాగితే ఆశగానో భయంగానో మిగిలిపోతుంది.

2. కప్ప నుంచి కోతి వరకు

బొలోనా నగరానికి చెందిన లుయీజీ గాల్వానీ కప్ప కాళ్ళపై తాను జరిపిన విద్యుత్ ప్రయోగాల ఫలితాలను 1791లో ప్రచురించాడు. నాడీవ్యవస్థకూ విద్యుత్తుకూ సంబంధం ఉందన్న భావనకు అది పునాది. ఆయన మేనల్లుడు జొవాన్నీ ఆల్దీనీ 1803లో లండన్‌లో ఉరితీయబడిన ఒక నేరస్థుని కళేబరానికి విద్యుత్తు ప్రసరింపజేసి, ముఖకండరాలు కదలడాన్ని ప్రేక్షకులకు చూపాడు. శాస్త్రం, ప్రదర్శన అప్పటికే జంటగా నడవసాగాయి.

1870లో బెర్లిన్‌లో గుస్టావ్ ఫ్రిట్ష్, ఎడ్వర్డ్ హిట్జిగ్ కుక్క మస్తిష్క వల్కలంలో నిర్దిష్ట స్థానాలను స్వల్ప విద్యుత్తుతో ప్రేరేపించి, ఎదుటి వైపు అవయవాలు కదులుతాయని నిరూపించారు. మెదడులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క చోటు ఉందనడానికి ఇది బలమైన ఆధారమయింది. ఇంగ్లండులో డేవిడ్ ఫెరియర్ ఈ పరిశోధనను కోతులకు విస్తరించి మెదడు పటాలను రూపొందించాడు.

కుక్క నుంచి మనిషికి చేరడానికి నాలుగేళ్ళే పట్టింది. 1874లో అమెరికాలోని సిన్సినాటిలో రాబర్ట్స్ బార్తొలో అనే వైద్యుడు, పుండు వల్ల కపాలం తొలిచిపోయి మెదడు బయటపడిన ఒక రోగిణి మెదడులోకి సూదులు దింపి విద్యుత్తు ప్రసరింపజేశాడు. ప్రవాహం పెంచినప్పుడు ఆమెకు మూర్ఛ వచ్చింది. కొద్ది రోజులకు ఆమె మరణించింది. ఆమె సమ్మతించిందని ఆయన నివేదికలో ఉంది. ఆమె మందబుద్ధి అన్న వర్ణనా అదే నివేదికలో ఉంది. ఈ రెండు వాక్యాలు ఒకే పత్రంలో ఇమడడమే ఈ చరిత్రలోని మౌలిక సమస్య. తీవ్ర విమర్శలు రావడంతో బార్తొలో విచారం వ్యక్తం చేశాడు.

బ్రిటన్‌లో 1876లో జంతుహింస చట్టం వచ్చింది. 1881లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో ఫెరియర్ తన కోతులను ప్రదర్శించాడు. ఒక పక్క చచ్చుబడిన కోతిని చూసిన ఫ్రెంచి నాడీవైద్యుడు షార్కో, అది రోగి అని ఆశ్చర్యపడినట్టు చరిత్రకారులు నమోదు చేశారు. ఆ మహాసభ తర్వాత జంతుప్రయోగ వ్యతిరేకులు ఫెరియర్‌పై అభియోగం మోపారు. శస్త్రచికిత్స చేసినది అనుమతి గల సహచరుడు జెరాల్డ్ యో కావడంతో అభియోగం నిలవలేదు. మూడేళ్ళ తర్వాత, 1884 నవంబరులో, బాహ్య లక్షణాలను బట్టి మెదడులో కణితి ఉన్న చోటును ముందుగా నిర్ణయించి, లండన్‌లో రిక్‌మన్ గాడ్లీ దానిని తొలగించాడు. ఆ నిర్ణయం ఫెరియర్ వంటివారి పరిశోధనపై ఆధారపడింది. రోగి మాత్రం నెల రోజుల లోపే కన్నుమూశాడు.

కోతి బాధ, రోగికి కలిగే మేలు ఒకే పటం నుంచి వచ్చాయి. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచితే ఈ చరిత్ర సగమే అవుతుంది.

3. చదవడం, ప్రేరేపించడం

మెదడును ప్రేరేపించడంతో పాటు చదివే ప్రయత్నమూ సాగింది. 1875లో లివర్‌పూల్‌కు చెందిన రిచర్డ్ కేటన్ కుందేళ్ళ, కోతుల మెదళ్ళపై విద్యుత్ కదలికలను గుర్తించాడు. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలపై నుంచే ఆ తరంగాలను నమోదు చేసి 1929లో ప్రచురించాడు. నేడు ఇ.ఇ.జి.గా ప్రసిద్ధమైన పరీక్షకు మూలమిదే. చదవడానికి కపాలం తెరవనక్కరలేదని తేలింది. గోప్యత సమస్యకు బీజం కూడా అక్కడే పడింది.

1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో నిర్దిష్ట స్థానాన్ని ప్రేరేపిస్తే, ఆ ప్రేరణ కోసమే అవి మీటను మళ్ళీ మళ్ళీ నొక్కుతాయని కనుగొన్నారు. బలవంతం కనిపించదు, ఎలుక తానుగా నొక్కుతున్నట్టే ఉంటుంది. కోరికనే బయటి నుంచి కల్పించగలిగినప్పుడు ‘తానుగా’ అన్న మాటకు అర్థమేమిటన్న ప్రశ్నను ఈ ప్రయోగం మిగిల్చింది.

4. కోర్డోబా ఎద్దు

ఈ చరిత్రలో మిక్కిలి ప్రచారం పొందిన ఘట్టం 1963లో స్పెయిన్‌లోని కోర్డోబాలో జరిగింది. యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త హోసే డెల్గాడో పోటీ ఎద్దుల మెదళ్ళలో ఎలక్ట్రోడులు అమర్చి గోదాలోకి దిగాడు. మీదికి దూసుకువస్తున్న ఎద్దు, ఆయన చేతిలోని పరికరం మీట నొక్కగానే ఆగి పక్కకు తిరిగింది. 1965 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ ఈ వార్తను మొదటి పుటలో ప్రచురించింది.

ఎద్దు కోపాన్ని విద్యుత్తు అణచివేసిందని వార్త చెప్పింది. అయితే ఆ ప్రేరణ ఎద్దు కదలికను ప్రభావితం చేసి దానిని ఒక పక్కకు తిప్పిందని, కోపం తగ్గిందనడానికి అది ఆధారం కాదని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ వాలెన్‌స్టైన్ 1973లో వెలువరించిన గ్రంథంలో వాదించాడు. ఆగిన ఎద్దును అందరూ చూశారు. శాంతించిన ఎద్దు వ్యాఖ్యాతల కల్పన. ఎద్దుకు మాట ఉంటే ఈ రెండింటి భేదం వెంటనే తేలిపోయేది. మాట లేనిచోట దేహచలనాన్ని చూసి మనసును నిర్ణయించే అధికారం ప్రయోగకర్తకు చిక్కుతుంది.

డెల్గాడో ఎద్దులతో ఆగలేదు. మానసిక చికిత్సాలయాల్లోని రోగుల మెదళ్ళలోనూ ఎలక్ట్రోడులు అమర్చాడు. మనసును భౌతికంగా నియంత్రించి మరింత నాగరిక సమాజాన్ని నిర్మించవచ్చని 1969 నాటి తన గ్రంథంలో ప్రతిపాదించాడు. 1970వ దశకంలో అమెరికాలో మెదడు శస్త్రచికిత్సలతో ప్రవర్తనను మార్చడంపై ఆందోళన చెలరేగింది. 1974లో ఏర్పాటయిన జాతీయ కమిషన్‌కు మానసిక శస్త్రచికిత్సను పరిశీలించే బాధ్యత కూడా అప్పగించారు.

2002లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన సంజీవ్ తల్వార్, జాన్ చాపిన్ బృందం ఎలుక మీసాల స్పర్శను గ్రహించే మెదడు భాగానికి సంకేతమిచ్చి దానిని కుడికీ ఎడమకూ నడిపించింది. మరొక ఎలక్ట్రోడు బహుమానానందాన్ని కలిగించేది. 500 మీటర్ల దూరం వరకు నియంత్రణ సాధ్యమయింది. కూలిన భవనాల కింద చిక్కుకున్నవారిని వెతకడానికి ఇది ఉపకరించవచ్చు. కాని ఇక్కడ జంతువు పరిశోధనకు నమూనా మాత్రమే కాదు, స్వయంగా పరికరంగా మారింది.

5. చికిత్సగా మారిన విద్య

ఇదే పరిశోధన వేలాదిమందికి మేలు చేసింది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీం లూయీ బెనబీద్ అధిక పౌనఃపున్య ప్రేరణతో చేతివణుకును అదుపు చేయవచ్చని గుర్తించాడు. పార్కిన్సన్ లక్షణాలు కల్పించిన కోతులపై బెర్గ్‌మన్, విచ్‌మన్, డిలాంగ్ 1990లో ప్రచురించిన ఫలితాలు ఆ వ్యాధిలో మెదడులోని ఏ భాగాన్ని లక్ష్యంగా చేసుకోవాలో చూపాయి. అమెరికాలో ఈ చికిత్సకు 1997లో వణుకుకూ, 2002లో పార్కిన్సన్ వ్యాధికీ అనుమతి లభించింది.

మెదడు సంకేతంతో యంత్రాన్ని నడిపే మార్గం కూడా కోతితోనే మొదలయింది. 1969లో ఎబర్‌హార్డ్ ఫెట్జ్ కోతులు తమ మెదడులోని ఒక్క నాడీకణం చురుకుదనాన్ని తామే పెంచుకొని, మీటరు ముల్లును కదిపి ఆహారం పొందగలవని చూపాడు. 1973లో జాక్ విడాల్ మెదడు–కంప్యూటర్ అనుసంధానమనే భావనకు పేరూ రూపమూ ఇచ్చాడు. 2004లో బ్రెయిన్‌గేట్ ప్రయోగంలో 96 ఎలక్ట్రోడుల ఫలకాన్ని మనిషి మెదడులో అమర్చారు. పక్షవాతంతో దాదాపు 15 ఏళ్ళుగా చేతులు కదపలేని ఒక మహిళ యాంత్రిక హస్తంతో తానే కాఫీ తాగిన ఘట్టం 2012లో ప్రచురితమయింది. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం నిమిషానికి 62 పదాల వేగంతో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ బృందం 78 పదాల వేగంతో, మాట కోల్పోయినవారి తలంపును భాషగా మార్చగలిగాయి.

ఈ రెండు ప్రయోగాలూ ఇంగ్లీషులో జరిగాయి. సంకేతం అస్పష్టంగా ఉన్నచోట ముందూ వెనుకా పదాలను బట్టి పదాన్ని ఊహించే భాషానమూనా యంత్రానికి తోడ్పడుతుంది. తెలుగులో ‘ఒప్పుకుంటాను’, ‘ఒప్పుకోను’ అనే రూపాల ధాతువు ఒక్కటే. సమ్మతీ నిరాకరణా పదం చివరిలోనే తేలుతాయి. అటువంటి భాషలో యంత్రం ఊహ తప్పితే రోగి నిరాకరణ అంగీకారంగా వినిపించవచ్చు. మాట తిరిగి ఇచ్చే యంత్రమే మాటకు మధ్యవర్తి అవుతున్నప్పుడు, తప్పును దిద్దుకునే అవకాశం రోగికి ఉండడం సాంకేతిక సౌకర్యం మాత్రమే కాదు, హక్కు కూడా.

6. పరికరం ఎవరిది? సంకేతం ఎవరిది?

న్యూరాలింక్ తొలి పరికరంలో 1,024 ఎలక్ట్రోడులు ఉన్నాయి. అమర్చిన కొన్ని వారాలకు కొన్ని సన్నని తీగలు మెదడు నుంచి వెనక్కి జరిగాయని సంస్థ అంగీకరించి, సాఫ్ట్‌వేర్ మార్పులతో పనితీరును సరిదిద్దింది. దేహంలోని పరికరం మనుగడ దానిని తయారుచేసిన సంస్థ మనుగడపై ఆధారపడుతుంది. చూపు కోల్పోయినవారికి కృత్రిమ దృష్టిపటలాన్ని అందించిన సెకండ్ సైట్ సంస్థ ఆర్థికంగా చితికి, ఆ పరికరానికి సేవలు నిలిపివేసినప్పుడు, దానిని కంటిలో అమర్చుకున్నవారు మరమ్మతుకు దిక్కులేక మిగిలారు. వారు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్స నాటిది. తర్వాతి కాలానికి పూచీ పడినవారు లేరు.

శస్త్రచికిత్స లేకుండా చదివే సాంకేతికత వేరొక ప్రశ్న లేవనెత్తుతుంది. 2023లో టెక్సస్ విశ్వవిద్యాలయ బృందం, ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రంలో 16 గంటలపాటు కథలు విన్న వ్యక్తుల మెదడు సంకేతాల నుంచి, వారు వింటున్నదాని సారాంశాన్ని తిరిగి రాబట్టగలిగింది. వారు ఉద్దేశపూర్వకంగా వేరే విషయాలు తలచుకుంటే యంత్రం విఫలమయింది. నేటికి మనిషికి ఈ నిరాకరణ శక్తి మిగిలి ఉంది. అది యంత్రపు పరిమితి వల్ల మిగిలినదే తప్ప చట్టం ఇచ్చినది కాదు.

7. చట్టం నడక

ఈ విషయంలో భారతీయ న్యాయచరిత్రకు ప్రత్యేక స్థానముంది. నేరపరిశోధనలో మెదడు విద్యుత్ పరీక్షలను ఇక్కడ ముందుగానే ప్రయోగించారు. 2008లో పుణేలోని ఒక న్యాయస్థానం హత్య కేసులో అటువంటి పరీక్షను ఆధారాల్లో ఒకటిగా స్వీకరించింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తి సమ్మతి లేకుండా నార్కో పరీక్ష, పాలిగ్రాఫ్, మెదడు విద్యుత్ పరీక్షలు జరపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యమిచ్చేలా బలవంతం చేయరాదన్న 20(3) అధికరణం రక్షణను నోటిమాట నుంచి మెదడు సంకేతం వరకు విస్తరించిన తీర్పు అది. 2017లో పుట్టస్వామి కేసు గోప్యతను ప్రాథమిక హక్కుగా స్థిరపరచింది. కాని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నాడీ సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా పేర్కొనలేదు.

చిలీ 2021లో తన రాజ్యాంగాన్ని సవరించి మెదడు కార్యకలాపానికీ దాని నుంచి లభించే సమాచారానికీ రక్షణ కల్పించింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, మాజీ సెనేటర్ గీదో హిరార్ది మెదడు సమాచారాన్ని తొలగించాలని ఎమోటివ్ సంస్థను ఆదేశించింది. 2024లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం నాడీ సమాచారాన్ని గోప్యతా చట్టంలో చేర్చింది.

ఇవన్నీ మనిషికి సంబంధించినవి. జంతువు విషయంలో భారతదేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1998 నాటి ప్రయోగ నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. వాటి దృష్టి ప్రధానంగా నొప్పి తగ్గింపుపై, అనవసర ప్రయోగాల నివారణపై ఉంది. కోరికనే బయటి నుంచి నడిపినప్పుడు జంతువుకు నొప్పి లేకపోవచ్చు. ఓల్డ్స్ ఎలుకగాని తల్వార్ ఎలుకగాని ఆ క్షణంలో బాధపడుతున్నట్టు కనిపించదు. నొప్పిని మాత్రమే కొలిచే చట్టం ఈ హానిని గుర్తించలేదు.

8. ముగింపు

1874 నాటి రోగిణి సమ్మతి, 1963 నాటి ఎద్దు శాంతి, 2008 నాటి నిందితుని మెదడు చెప్పిన ‘సాక్ష్యం’, ఈ మూడింటిలోనూ ఒక ప్రాణి అంతరంగాన్ని ఇతరులు నిర్ణయించారు. మెదడు సాంకేతికత పెరిగేకొద్దీ మనిషిని అతని మాటను బట్టి కాక సంకేతాన్ని బట్టి తెలుసుకునే సందర్భాలు పెరుగుతాయి. ఆ మేరకు మనిషి ప్రయోగశాలలోని జంతువు స్థానానికి చేరువవుతాడు. జంతువు పట్ల అలవడిన పద్ధతి మనిషి పట్ల అనుసరించే పద్ధతికి పూర్వరూపం కావడానికి కారణమిదే.

ఈ సాంకేతికతను నిషేధించడం పరిష్కారం కాదు. వణుకు ఆగిన చేయి, తిరిగివచ్చిన మాట కల్పితాలు కావు. చరిత్ర సూచించేవి మూడు బాధ్యతలు. పరికరం దేహంలో ఉన్నంతకాలం దాని నిర్వహణకు ఎవరో ఒకరు చట్టబద్ధంగా పూచీ పడాలి. సంకేతం నుంచి తీసిన అర్థాన్ని సవరించే, తిరస్కరించే అధికారం ఆ సంకేతం గల వ్యక్తికే ఉండాలి. జంతుప్రయోగాల అనుమతిలో నొప్పితో పాటు, ఆ ప్రాణి ప్రవర్తనను ఎంతమేరకు ఇతరుల చేతికి అప్పగిస్తున్నారన్నదీ కొలవాలి. మొదటి రెండింటికి చిలీ రాజ్యాంగంలోను, సెల్వి తీర్పులోను కొంత పునాది ఉంది. మూడవదాని గురించి చట్టం ఇంకా మౌనంగానే ఉంది.